కండరంలోని మూడో తంతువు: టైటిన్, నెబ్యులిన్ చేసే పని

ఒంగోలు ప్రాంతంలో సంక్రాంతికో, శివరాత్రికో, ఊరి తిరునాళ్లకో బండలాగుడు పోటీలు పెట్టినప్పుడు చూసేవారి కళ్లన్నీ బండ ఎన్ని అడుగులు కదిలిందన్న దాని మీదే ఉంటాయి. కండబలమంటే లాగే బలమేనన్న అభిప్రాయం మనలో అంతగా స్థిరపడిపోయింది. అదే గిత్తల జత నిండా బస్తాలు వేసిన బండితో చెరువు కట్ట దిగుతున్నప్పుడు చేసే పనిని మాత్రం ఎవరూ కొలవరు. బండి బరువు వెనక నుంచి తోసుకొస్తుంటే, బిగిసిన కండరాలు పొట్టిపడకుండా, అలాగని బిగువు సడలనివ్వకుండా, కొద్దికొద్దిగా సాగుతూనే ఆ వేగాన్ని పట్టి ఉంచుతాయి. శరీరశాస్త్రం దృష్టిలో ఈ రెండో పని మొదటిదానికంటే తక్కువదేమీ కాదు. పైగా, కండరం ఎలా పనిచేస్తుందన్న ప్రశ్నకు గత శతాబ్దం మధ్యలో దొరికిన జవాబు సరిగ్గా ఈ పని దగ్గరే చాలకుండా పోయింది. ఆ లోటును చాలావరకు పూడ్చినవి టైటిన్, నెబ్యులిన్ వంటి మహాకాయ ప్రోటీన్లు. బలాన్ని పుట్టించేవి వేరే ప్రోటీన్లే అయినా, ఆ బలం పక్కదారి పట్టకుండా, సాగిన కండరం చిరగకుండా, తిరిగి తన కొలతకు వచ్చేలా చూసేవి ఇవే.

ఇంటర్‌లో బైపీసీ చదివినవారికి కండరం బొమ్మ గుర్తుండే ఉంటుంది. ఒక్కో కండర కణంలో పొడవునా ఎన్నో సూక్ష్మతంతుకాలు ఉంటాయి. ఒక్కో సూక్ష్మతంతుకంలో సార్కోమియర్లు ఒకదాని వెనుక ఒకటి వరుసగా అమరి ఉంటాయి. విశ్రాంతిలో ఉన్నప్పుడు ఒక సార్కోమియర్ పొడవు రెండు నుంచి రెండున్నర మైక్రోమీటర్లు, అంటే ఒక్క మిల్లీమీటరులో నాలుగైదు వందల సార్కోమియర్లు పడతాయి. దానికి రెండు చివర్లలో జెడ్ గీతలు, నడిమధ్యన ఎం గీత. జెడ్ గీతల నుంచి ఆక్టిన్‌తో ఏర్పడిన సన్నని తంతువులు లోపలికి చొచ్చుకొస్తాయి. వాటి నడుమ మయోసిన్‌తో ఏర్పడిన మందమైన తంతువులు ఉంటాయి. మయోసిన్ తలలు కణానికి ఇంధనం లాంటి ఏటీపీ అణువు నుంచి శక్తి తీసుకొని ఆక్టిన్‌ను పట్టి లాగినప్పుడు సన్నని తంతువులు మధ్యకు జారి, సార్కోమియర్ పొట్టిపడుతుంది. 1954 మే నెలలో నేచర్ పత్రిక ఒకే సంచికలో ఆండ్రూ హక్స్‌లీ, రోల్ఫ్ నీడర్గెర్కె ఒక వ్యాసంలోనూ, హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ మరో వ్యాసంలోనూ ఈ సంగతిని విడివిడిగా ప్రకటించారు. ఇద్దరు హక్స్‌లీలకూ చుట్టరికం ఏమీ లేదు.

ఈ సిద్ధాంతం నేటికీ నిలిచే ఉంది. తప్పని ఎవరూ నిరూపించలేదు. కానీ అందులో రెండే తంతువులు ఉన్నాయి, ఆ రెండూ ఒకదాని పక్కనుంచి ఒకటి జారేవే. కండరం లాగనప్పుడు మయోసిన్ తలలు ఆక్టిన్‌ను వదిలేసి ఉంటాయి కాబట్టి, ఆ సమయంలో కండరాన్ని సాగదీస్తే రెండు రకాల తంతువులూ విడివడి దూరంగా జరిగిపోవాలి. నిజానికి అలా జరగదు. విశ్రాంతిలో ఉన్న కండరాన్ని లాగితే అది ఎదురు లాగుతుంది, వదిలితే వెనక్కి వస్తుంది. ఆ సాగే గుణం కండరాన్ని చుట్టి ఉండే సంధాయక కణజాలానిదేనని చాలాకాలం అనుకున్నారు. కణపొర ఒలిచేసిన కండర తంతువు కూడా సాగదీసి వదిలితే ముడుచుకుంటుందని జపాన్‌కు చెందిన రెయిజీ నటోరి 1954లోనే చూపించినా, ఆ పరిశీలనకు తగిన ప్రాధాన్యం రాలేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. మందమైన తంతువు జెడ్ గీతలను తాకదు. నడుమ తేలుతున్నట్లు ఉంటుంది. రెండు వైపులా సన్నని తంతువులు దాన్ని చెరోవైపుకు లాగుతున్నప్పుడు ఏ వైపు లాగుడు కాస్త ఎక్కువైనా అది అటు జరిగిపోవాలి. జరిగిన కొద్దీ అటువైపు రెండు తంతువుల అతివ్యాప్తి, అంటే ఒకదానిపై ఒకటి పడే మేర, పెరిగి లాగుడు మరింత ఎక్కువ కావాలి. మరి ప్రతి సార్కోమియర్‌లోనూ అది నడిమధ్యనే ఎలా నిలుస్తోంది?

జవాబు చాలాకాలం ప్రయోగశాలల కళ్లముందే ఉండి కూడా కనపడలేదు. ప్రోటీన్లను పరిమాణాన్ని బట్టి వేరుచేయడానికి వాటిని విద్యుత్తు సాయంతో జెల్ గుండా నడిపిస్తారు. చిన్నవి ముందుకు పోతాయి, పెద్దవి వెనకబడతాయి. మామూలు జెల్‌లో అసలు దూరలేనంత పెద్ద ప్రోటీన్ ఉంటే అది పైనే ఉండిపోతుంది, దాన్ని సరిగా కరగని చెత్త కింద లెక్కగడతారు. కండరం నుంచి మయోసిన్‌ను, ఆక్టిన్‌ను కరిగించి తీసేశాక కూడా సాగే పదార్థం ఒకటి మిగులుతోందని కొస్కాక్ మరుయామా 1970ల నడుమ గుర్తించి దానికి కనెక్టిన్ అని పేరు పెట్టారు. 1979లో అమెరికాలో కువాన్ వాంగ్ బృందం బాగా పలుచని జెల్‌లు వాడి ఆ పదార్థంలోని మహాకాయ ప్రోటీన్‌ను పట్టుకొని, గ్రీకు పురాణాల్లోని టైటన్ల పేరిట టైటిన్ అని పిలిచింది. రెండూ ఒకటేనని తర్వాత తేలింది. మరుసటి ఏడాదే వాంగ్ మరో పెద్ద ప్రోటీన్‌ను కూడా వివరించారు. అదే నెబ్యులిన్.

టైటిన్ పరిమాణాన్ని ఊహించుకోవడానికి కొన్ని అంకెలు అవసరం. ఇన్సులిన్‌లో ప్రోటీన్లకు ఇటుకల్లాంటి ఎమైనో ఆమ్లాలు 51 ఉంటాయి, ఆక్టిన్‌లో 375. మనిషి టైటిన్ ప్రామాణిక రూపంలో ఇవి 34,350. దాని అణుభారం మూడు నుంచి మూడున్నర మిలియన్ డాల్టన్లకు పైన ఉంటుంది (ఒక డాల్టన్ అంటే సుమారుగా ఒక హైడ్రోజన్ పరమాణువు బరువు). మన శరీరంలో ఇంతకంటే పెద్ద ప్రోటీన్ లేదు. సెకనుకు ఐదారు ఎమైనో ఆమ్లాలు చేర్చే వేగంతో, కణంలో ప్రోటీన్లను తయారుచేసే రైబోసోమ్ పనిచేస్తుందనుకుంటే, ఒక్క టైటిన్ అణువు తయారీకే గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. అయినా ఇది అరుదైన పదార్థమేమీ కాదు. కండరంలో మయోసిన్, ఆక్టిన్‌ల తర్వాత ఎక్కువగా ఉండేది ఇదే. ఒక వయోజనుడి శరీరంలో మొత్తం అరకిలో దాకా ఉంటుందని అంచనా. ఒకే అణువు జెడ్ గీత దగ్గర మొదలై ఎం గీత వరకు, అంటే సగం సార్కోమియర్ పొడవునా, ఒక మైక్రోమీటరుకు పైగా విస్తరించి ఉంటుంది. కొన నుంచి కొన దాకా దీని నిర్మాణ క్రమాన్ని 1995లో జీగ్‌ఫ్రీడ్ లబైట్, బెర్న్‌హార్డ్ కోల్మెరర్ ప్రచురించారు.

ఆ నిర్మాణంలో రెండు భిన్నమైన భాగాలున్నాయి, రెండింటి స్వభావమూ వేరు. మందమైన తంతువును అంటిపెట్టుకొని ఉండే భాగం దాదాపుగా సాగదు. జెడ్ గీతకూ మందమైన తంతువు కొసకూ నడుమ స్వేచ్ఛగా ఉండే భాగం సాగుతుంది. సాగే భాగంలో ఇమ్యునోగ్లోబులిన్ తరహా చిన్న చిన్న మడతల వరుసలు, వాటి నడుమ పీఈవీకే అనే మడతలు లేని పొడవాటి ముక్క ఉంటాయి. ప్రొలీన్, గ్లుటమేట్, వాలీన్, లైసీన్ అనే నాలుగు ఎమైనో ఆమ్లాలు అందులో ఎక్కువగా ఉండటం వల్ల ఆ పేరు వచ్చింది. కండరం కొద్దిగా సాగినప్పుడు ముందు మడతల వరుసలోని వంపులు తిన్నబడతాయి, మడతలు మాత్రం విప్పుకోవు. అందుకే మొదట్లో ప్రతిఘటన తక్కువ. మరికాస్త లాగితే పీఈవీకే ముక్క సాగడం మొదలై బిగువు పెరుగుతుంది. ఇంకా లాగితే ఏమవుతుందో 1997లో మూడు బృందాలు ఒక్కొక్క టైటిన్ అణువును పట్టుకొని సాగదీసి చూశాయి. ముడులు వేసిన తాడును గుంజితే ఒక్కో ముడీ విడిపోయిన ప్రతిసారీ తాడు కాస్త పొడవై బిగువు తగ్గినట్లే, ఇమ్యునోగ్లోబులిన్ మడతలు ఒక్కొక్కటిగా విప్పుకున్నాయి. వదిలేస్తే తిరిగి మడతపడ్డాయి. తాడు ముడి తనంతట తాను మళ్లీ పడదు. ఇది పడుతుంది, అదే తేడా. బతికి ఉన్న కండరంలో మామూలు కదలికల్లోనే ఈ మడతలు విప్పుకుంటాయా, ప్రమాదకరంగా సాగినప్పుడు మాత్రమేనా అన్నదానిపై వాదం ఇంకా నడుస్తోంది.

మందమైన తంతువు నడిమధ్యన ఎలా నిలుస్తుందన్న ప్రశ్నకు కూడా ఇక్కడే జవాబుంది. అది ఒక పక్కకు జరిగితే రెండో పక్కనున్న టైటిన్ ఎక్కువ సాగి దాన్ని వెనక్కి లాగుతుంది. 1986లో రాబర్ట్ హోరోవిట్స్, రిచర్డ్ పొడోల్స్కీ తదితరులు కండర తంతువులపై అయనీకరణ వికిరణాన్ని ప్రయోగించారు. అణువు ఎంత పెద్దదైతే వికిరణం తగిలి విరిగే అవకాశం అంత ఎక్కువ కాబట్టి, తక్కిన ప్రోటీన్లు చాలావరకు నిలిచి ఉండగానే టైటిన్, నెబ్యులిన్ ముందుగా దెబ్బతిన్నాయి. ఫలితంగా సాగదీసినప్పటి బిగువు తగ్గింది, మందమైన తంతువుల వరుస చెదిరిపోయింది, కండరం పుట్టించే బలమూ పడిపోయింది. మయోసిన్ సలక్షణంగా ఉన్నా సరే, దాని తంతువు తన చోట లేకపోతే లాగుడు వృథా అవుతుందని తేల్చిన ఈ ప్రయోగమే నా ఉద్దేశంలో ఈ కథకు కీలకం.

టైటిన్ జన్యువు రెండో క్రోమోజోమ్ మీద ఉంది. అందులో 363 ఎక్సాన్లు, అంటే ప్రోటీన్ సమాచారం ఉండే ముక్కలు, ఉన్నాయి. ఏ కణంలో ఏ ఎక్సాన్లను కలపాలి, వేటిని వదలాలి అన్న ఎంపికను బట్టి టైటిన్ పొడవు మారుతుంది. కుందేలు పిక్కలోని సోలియస్ కండరంలో పొడవైన, మెత్తగా సాగే టైటిన్ ఉంటే, నడుము దగ్గరి సోయాస్ కండరంలో పొట్టిది, బిగువైనది ఉంటుంది. గుండె కండరంలో మరింత పొట్టి రూపం ఉంటుంది; గుండె గది రక్తంతో నిండేటప్పుడు ఎంత సాగాలన్నదాన్ని చాలావరకు అదే నిర్ణయిస్తుంది.

ఇక బిగిసి ఉండగానే సాగే కండరం విషయానికి వద్దాం. శనివారం మాలకొండకు వెళ్లి కొండ దిగి వచ్చినవారికి ఎక్కినప్పటి ఆయాసం ఆ పూటతోనే పోయినా, తొడల నొప్పి ఆది, సోమవారాల్లో బయటపడుతుంది. ఎక్కేటప్పుడు తొడ ముందువైపు కండరాలు పొట్టిపడుతూ దేహాన్ని పైకి లేపుతాయి. దిగేటప్పుడు అవే కండరాలు సాగుతూ దేహం పడిపోకుండా నిలుపుతాయి. రెండో పనికి ఖర్చయ్యే శక్తి చాలా తక్కువ. 1952లో అబాట్, బిగ్లాండ్, రిచీ రెండు సైకిళ్లను వీపులు కలిపినట్లు వెనకభాగాలు ఎదురెదురుగా పెట్టి గొలుసుతో కలిపి, ఒకరు తొక్కుతుంటే రెండోవారు ఆ తొక్కుడును కాళ్లతో అడ్డుకునేలా ప్రయోగం చేశారు. తొక్కేవారికి అవసరమైన ఆక్సిజన్, అడ్డుకునేవారి అవసరం కంటే వేగాన్ని బట్టి రెండింతల నుంచి ఐదింతల దాకా ఎక్కువని లెక్క తేలింది. సాగుతున్న కండరం పుట్టించే బలం, కదలకుండా బిగిసిన కండరం బలాన్ని మించిపోవడమూ ప్రయోగశాలల్లో రుజువైంది. అంతేకాదు, సాగడం ఆగిపోయాక కూడా ఆ అదనపు బలంలో కొంత మిగిలే ఉంటుంది.

తక్కువ ఖర్చుతో ఎక్కువ బలం ఎక్కడి నుంచి వస్తోంది? రెండు తంతువుల సిద్ధాంతం ప్రకారం కండరం ఎక్కువగా సాగితే ఆక్టిన్, మయోసిన్‌ల అతివ్యాప్తి తగ్గి బలం పడిపోవాలి. అందుకే చూపు మళ్లీ టైటిన్ మీదకు మళ్లింది. కండరం ఉత్తేజితమైనప్పుడు కణంలోకి విడుదలయ్యే కాల్షియం, టైటిన్‌లోని కొన్ని భాగాలకు అంటుకొని దాన్ని బిగువుగా మారుస్తుందని ఒక వాదన. టైటిన్ సాగే భాగం ఆక్టిన్‌కు అతుక్కోవడం వల్ల సాగడానికి మిగిలిన పొడవు తగ్గి, అది మరింత గట్టిగా ఎదురు లాగుతుందని ఇంకో వాదన. రెండింటికీ ప్రయోగాల మద్దతు కొంత ఉంది, పూర్తిగా లేదు. కాల్షియం వల్ల పెరిగే బిగువు ఒక్కటే చూస్తే అది కావలసినదానికంటే చాలా తక్కువ కాబట్టి, మొదటి వాదన ఒంటరిగా నిలబడదనే నాకు అనిపిస్తుంది. ఏది నిలిచినా, విశ్రాంతిలోని కండరంలోనూ బిగిసిన కండరంలోనూ టైటిన్ బిగువు ఒక్కటి కాదన్న సంగతిని ఇప్పుడు పెద్దగా ఎవరూ కాదనడం లేదు. కొండ దిగాక వచ్చే నొప్పి విషయంలో కూడా, దానికి లాక్టిక్ ఆమ్లమే కారణమన్న పాత నమ్మకం సరికాదు. అది గంట, రెండు గంటల్లోనే రక్తం నుంచి తొలగిపోతుంది. కొన్ని సార్కోమియర్లు హద్దు మీరి సాగి జెడ్ గీతలు చెదరడం, ఆపై మొదలయ్యే వాపు, ఈ నొప్పికి ముఖ్యమైన కారణాలు.

నెబ్యులిన్ కథ ఇంకోరకం. ఇది టైటిన్‌లా సాగదు. సన్నని తంతువును పెనవేసుకొని దాదాపు దాని కొస వరకు ఉంటుంది. అణుభారం ఆరు నుంచి తొమ్మిది లక్షల డాల్టన్లు. సుమారు 35 ఎమైనో ఆమ్లాల ప్రమాణం ఒకటి ఇందులో పదేపదే వస్తుంది. ఒక్కో ప్రమాణం ఒక్కో ఆక్టిన్ అణువుకు సరిపోతుంది కనుక, సన్నని తంతువు ఎంత పొడవుండాలో నిర్ణయించే కొలబద్ద ఇదేనని మొదట్లో భావించారు. పొడవు ముఖ్యమే. 1966లో గోర్డన్, ఆండ్రూ హక్స్‌లీ, జూలియన్ కప్ప కండరంపై చేసిన ప్రసిద్ధ కొలతల ప్రకారం సార్కోమియర్ 2.0 నుంచి 2.2 మైక్రోమీటర్ల మధ్య ఉన్నప్పుడు గరిష్ఠ బలం వస్తుంది, 3.65 దగ్గర బలం సున్నా. మనిషి కండరంలో మందమైన తంతువు కప్పలో లాగే 1.6 మైక్రోమీటర్లు, సన్నని తంతువు మాత్రం పొడవు, కాబట్టి గరిష్ఠ బలం వచ్చే చోటు కూడా మరింత పొడవు వైపు ఉంటుంది. నెబ్యులిన్ లేని ఎలుకలను 2006లో రెండు బృందాలు సృష్టించాయి. వాటి సన్నని తంతువులు పొట్టిగా ఏర్పడ్డాయి, కండరాలు బలహీనపడ్డాయి, పిల్లలు పుట్టిన కొద్ది వారాలకే చనిపోయాయి. అయితే సన్నని తంతువు కొసన కొంత భాగం నెబ్యులిన్ లేకుండానే ఉంటుందని తేలడంతో కొలబద్ద అన్న మాట అంత కచ్చితంగా సరిపోదని అర్థమైంది. తంతువును నిలబెట్టడం, మయోసిన్ దాన్ని పట్టుకునే తీరును మెరుగుపరచడం కూడా దీని పనులే. ఎలుక కండరంలో నెబ్యులిన్ ఆక్టిన్‌ను ఎలా అంటిపెట్టుకొని ఉందో 2022లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చిత్రాలు చూపించాయి.

మూడో మహాకాయం అబ్‌స్క్యూరిన్ 2001లో వెలుగులోకి వచ్చింది. ఇది సూక్ష్మతంతుకాన్ని బయటి నుంచి చుట్టి, కాల్షియంను దాచే పొరల జాలంతో దాన్ని కలుపుతుంది. డిస్ట్రోఫిన్‌ను కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 4,27,000 డాల్టన్ల ఈ ప్రోటీన్ లోపలి ఆక్టిన్‌ను కణపొర మీది ప్రోటీన్ల సముదాయానికి ముడివేసి, కండరం బిగిసిన ప్రతిసారీ పొర చిరగకుండా కాపాడుతుంది. అది లేకపోతే వచ్చేదే డుషెన్ కండర క్షీణత. మనిషి జన్యువుల్లో అతిపెద్దవాటిలో డిస్ట్రోఫిన్‌ది ఒకటి, 22 లక్షల డీఎన్ఏ అక్షరాలకు పైన. కానీ దాని నుంచి తయారయ్యే ప్రోటీన్ టైటిన్‌లో పదో వంతు మాత్రమే.

మాంసం మెత్తదనంలోనూ ఈ ప్రోటీన్లకు పాత్ర ఉందన్న సంగతి నెల్లూరువారికి కొంత ఆసక్తి కలిగించవచ్చు. పశువు చనిపోయాక ఏటీపీ అయిపోయి మయోసిన్ తలలు ఆక్టిన్‌ను వదలలేక కండరం కొయ్యబారుతుంది. ఆ తర్వాత రోజుల్లో కాల్పెయిన్ అనే ఎంజైములు టైటిన్‌ను, నెబ్యులిన్‌ను, మరికొన్ని నిర్మాణ ప్రోటీన్లను తుంచడం వల్ల మాంసం మెత్తబడుతుంది. మన ఒంగోలు జాతి పశువులు బ్రెజిల్ చేరి, మన నెల్లూరు జిల్లా పేరుతోనే నెలోర్ అని పిలిపించుకొని, అక్కడి మాంసపు పశువుల్లో సింహభాగమయ్యాయి. మూపురం ఉన్న జాతుల్లో కాల్పెయిన్‌ను అడ్డుకునే కాల్పాస్టాటిన్ ఎక్కువగా పనిచేస్తుంది, అందువల్ల వాటి మాంసం గట్టిగా ఉంటుంది. అక్కడి పరిశోధకులకు ఇది పాత తలనొప్పి.

ఈ ప్రోటీన్లలో లోపం వస్తే వచ్చే జబ్బులు అరుదైనవే, కానీ మన ప్రాంతంలో వాటిని తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. నెబ్యులిన్ జన్యువు రెండు ప్రతులూ దెబ్బతిన్నప్పుడు నెమలైన్ మయోపతి వస్తుంది. ముఖం, మెడ, శ్వాస కండరాలు బలహీనంగా ఉంటాయి. ఒక్క ప్రతి మాత్రమే దెబ్బతిన్న తల్లిదండ్రులకు ఏ బాధా ఉండదు, కానీ ఇద్దరిలోనూ అదే లోపం ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. టైటిన్‌ను అంటిపెట్టుకొని ఉండే కాల్పెయిన్-3 లోపం వల్ల నడుము, భుజాల కండరాలు క్షీణించే జబ్బు కూడా ఇదే తీరున సంక్రమిస్తుంది. మేనరికాల్లో భార్యాభర్తలు ఒకే పూర్వీకుడి నుంచి ఒకే లోపాన్ని పొంది ఉండే అవకాశం పెరుగుతుంది కాబట్టి, ఇంట్లో ఎవరికైనా ఇలాంటి కండర జబ్బు ఉన్నప్పుడు మేనమామకో, మేనబావకో పిల్లనిచ్చే ముందు జన్యు వైద్యుల సలహా తీసుకోవడం మంచిది. టైటిన్ విషయంలో మరో జాగ్రత్త అవసరం. 2012లో వెలువడిన ఒక అధ్యయనంలో, కుటుంబపరంగా వచ్చే డైలేటెడ్ కార్డియోమయోపతి (గుండె వ్యాకోచించి బలహీనపడే జబ్బు) కేసుల్లో సుమారు నాలుగో వంతు మందిలో టైటిన్‌ను అర్ధాంతరంగా ఆపేసే మార్పులు కనిపించాయి. కానీ జన్యువు అంత పెద్దది కాబట్టి ఆరోగ్యవంతుల్లోనూ ఏదో ఒక మార్పు దొరుకుతూనే ఉంటుంది. పరీక్ష నివేదికలో టైటిన్ పేరు పక్కన అర్థం తేలని మార్పు అని రాసి ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్లు కాదు.

చికిత్స దగ్గర పరిమాణమే అడ్డంకిగా మారింది. సరైన జన్యువును కండరంలోకి మోసుకెళ్లే ఏఏవీ వైరస్‌లో సుమారు 4,700 అక్షరాలకు మించి పట్టవు. ప్రోటీన్‌ను రాసే అక్షరాలను మాత్రమే లెక్కించినా డిస్ట్రోఫిన్‌కు 11,000, టైటిన్‌కు లక్షకు పైగా కావాలి. డిస్ట్రోఫిన్ విషయంలో ఒక దారి దొరికింది. జన్యువులో ప్రోటీన్‌ను రాసే భాగంలో 46 శాతం లోపించినా అరవై ఏళ్లు దాటాక కూడా నడవగలిగిన ఒక రోగిని 1990లో వర్ణించారు. దాన్నిబట్టి నడుమ భాగాలు తీసేసిన పొట్టి డిస్ట్రోఫిన్‌ను రూపొందించగా, ఆ చికిత్సకు 2023లో అమెరికాలో అనుమతి లభించింది. 2025లో కొందరు రోగులు కాలేయ వైఫల్యంతో మరణించడంతో దాని వాడకంపై ఆంక్షలు వచ్చాయి. టైటిన్‌ను అలా కురచ చేయడం కుదిరేలా లేదు. మందమైన తంతువును అంటిపెట్టుకొని ఉండే భాగంలో 11 మడతల సముదాయం ఒకటి పదకొండుసార్లు వస్తుంది. ఒక్కో సముదాయం పొడవు 43 నానోమీటర్లు, మయోసిన్ తలల అమరిక తిరిగి మొదలయ్యే దూరమూ అంతే. 2017లో ఎలుకల్లో ఇలాంటి రెండు సముదాయాలను తొలగించి చూస్తే మందమైన తంతువులు ఆ మేరకు పొట్టివయ్యాయి, గుండె వ్యాకోచించి బలహీనపడింది. అందువల్ల టైటిన్ జబ్బుల మీద పనిచేసేవారు ఇప్పుడు కొత్త జన్యువును పంపడం కంటే, ఉన్న జన్యువులో తప్పిన అక్షరాన్ని అక్కడికక్కడే సరిదిద్దే పద్ధతుల మీద, లేదా తప్పున్న ఎక్సాన్‌ను చదవకుండా దాటించే చిన్న అణువుల మీద దృష్టి పెడుతున్నారు. రెండోది సాగే భాగంలోని ఎక్సాన్లకు పనికిరావచ్చు. మందమైన తంతువును కొలిచే భాగానికి పనికిరాదు.